పంజరానికి పనికిరానిది పిచ్చుకకు పనికొస్తుందా?



మీ పిల్లలు ముచ్చటపడి లవ్ బర్డ్స్ పెంచారనుకుందాం. కొంతకాలానికి అవి చనిపోయాయి. పంజరం అటకెక్కింది. వాటికోసం కొన్న కొర్రలు, సజ్జల పొట్లం మాత్రం అలమారలో మిగిలిపోయింది. పండుగకు ఇల్లు సర్దుతూ చూస్తే, దానిమీద వేసిన గడువు దాటి నాలుగు నెలలైంది. పారేయడానికి మనసొప్పదు. "మిద్దెమీద చల్లితే పిచ్చుకలైనా తింటాయి, పుణ్యం వస్తుంది" అంటుంది తల్లి. "మన పక్షులు బతికుంటే వాటికి ఇది పెట్టేదానివా అమ్మా?" అని అడుగుతుంది కూతురు.

ఆ ప్రశ్నకు జవాబేమిటి?

ముందు గింజల సంగతి చూద్దాం. పొట్లంమీది తేదీ అంతవరకు సరుకు బాగుంటుందని అమ్మినవాడు ఇచ్చే మాట. ఆ మర్నాటికే గింజ విషమైపోదు. వెంకటగిరికోట పల్లెల్లో మన పెద్దలు రాగులను ఏళ్ల తరబడి నిలవ చేసుకునేవారు. వాటిమీద తేదీలు లేవు. వాసన చూసేవారు, నోట్లో వేసుకుని చూసేవారు. కాబట్టి పొడిగా, బూజు లేకుండా, మంచి వాసనతో ఉన్న గింజలను పిచ్చుకలకు వేయవచ్చు. తిండిని వృథా చేయకూడదన్న ఆ తల్లి మాటలో తప్పులేదు.

కానీ గింజలు ముద్దకట్టినా, ముక్కవాసన వచ్చినా, బూజు కనిపించినా వేయకూడదు. 1960లో ఇంగ్లండులో బూజు పట్టిన వేరుసెనగ పిండి కలిసిన దాణా తిని సుమారు లక్ష టర్కీ కోళ్లు చనిపోయాయి. ఆ బూజు విషానికే తరువాత అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టారు. కడిగినా, ఎండబెట్టినా అది పోదు. అలాంటి దాణా పాడి ఆవుకు పెడితే పాలలోకి కూడా వస్తుంది. కనుక బూజు పట్టినదాన్ని పూడ్చిపెట్టడమే మేలు. మందు పట్టించిన విత్తనాలు మిగిలితే వాటినీ పక్షులకు చల్లకండి.

ఇప్పుడు కూతురి ప్రశ్నకు వద్దాం. పంజరంలోని పక్షికి జబ్బు చేస్తే మనకు కనిపిస్తుంది, బాధపడతాం. ఊరపిచ్చుక తిని ఎగిరిపోతుంది. ఏ కంపలోనో పడి చనిపోతే మనకు తెలియదు. తెలియదు గనుక మన బాధ్యత తగ్గిందనుకుంటాం. నిజానికి పెరిగింది. ఫిర్యాదు చేయలేనివారికి పెట్టేటప్పుడే మరింత జాగ్రత్త కావాలి.

మలాకీ ప్రవక్త కాలంలో కొందరు గుడ్డివి, కుంటివి అయిన పశువులను దేవునికి బలిగా తెచ్చారు. వీటిని మీ అధికారికి కానుకగా ఇవ్వగలరా అని ప్రవక్త వారిని నిలదీశాడు. ఆ బిడ్డ అడిగినదీ అదే ప్రశ్న.

తెలుగు పల్లెల్లో చూరుకు వరికంకుల కుచ్చు కట్టే అలవాటు మీకు గుర్తుండే ఉంటుంది. పిచ్చుకల కోసం కట్టిన ఆ కుచ్చు కొత్త పంటది, గాదె అడుగున మిగిలినది కాదు. క్రిస్మసునాడు పక్షులకోసం దారుల వెంట ధాన్యం చల్లేలా చక్రవర్తి శాసనం చేస్తే బాగుండునని అస్సీసి పునీత ఫ్రాన్సిస్ వారు కోరుకున్నారట. ఆయన మనసులో ఉన్నది పండుగ విందే.

అందుచేత మిగిలిన గింజలు బాగుంటే చల్లండి, పక్కన మట్టిమూకుడులో మంచినీళ్లు పెట్టండి. కానీ దాన్ని దానమని లెక్క రాసుకోకండి. అది వృథా చేయకపోవడం, అంతే. దానం వేరు. మనకు పనికొచ్చేదాంట్లోంచి తీసి ఇచ్చినదే దానం.

ఈ మాట పిచ్చుకలతో ఆగదు. వరద బాధితులకని కట్టిన మూటలో చిరిగిన చీర, పనిమనిషి బిడ్డకిచ్చిన గడువు దాటిన టానిక్కు, సాయంత్రానికి పులిసిన కూర, వీటినిచ్చేముందు కూడా ఆ బిడ్డ ప్రశ్న వేసుకుందాం: ఇది మన ఇంట్లోవాళ్లకు పెట్టగలమా?