విరూపాక్షుడి పక్కన కూర్చుని

1993లో నేను రంగస్థల కళల్లో పీజీకి చేరాను. బాబ్రీ మసీదు కూలి ఇంకా ఏడాది కాలేదు. మా ఇల్లు సికింద్రాబాద్ చిలకలగూడలో. అబ్బా లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. సాయిబు కొడుక్కి శాస్త్రీయ అభినయం ఎందుకని మా వాడలోనూ అడిగారు, బయటా అడిగారు. రెండు చోట్లా ప్రశ్న ఒకటే. అడిగిన గొంతులే వేరు.

మొదటి వారంలోనే మాస్టారు నాట్యశాస్త్రం మొదటి అధ్యాయం చెప్పారు. శూద్రులకు వేదం వినే హక్కు లేదు. అందుకని అన్ని వర్ణాలకూ పనికొచ్చేలా బ్రహ్మ నాట్యాన్ని ఐదో వేదంగా పుట్టించాడు. ఇంద్రుడి జెండా పండుగనాడు భరతుడు తన కొడుకులతో మొట్టమొదటి నాటకం ఆడించాడు. అందులో కథ, దేవతలు దైత్యుల్ని ఓడించడం. చూడవచ్చిన వాళ్లలో దైత్యులు కూడా ఉన్నారు. తమ ఓటమిని తమ ముందే ఆడుతుంటే వాళ్లకు మండింది. నటుల మాటనూ కదలికనూ జ్ఞాపకాన్నీ బిగదీసేశారు. ఇంద్రుడు జెండా కర్ర తీసుకుని వాళ్లను చితకబాదాడు. ఆ కర్రే జర్జరం. నాటకానికి ముందు జరిగే పూర్వరంగంలో దానికి పూజ.

క్లాసంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ ప్రేక్షకుల్లో నేనెక్కడ కూర్చున్నానో నాకు తెలిసిపోయింది.

మాస్టారు అక్కడితో ఆపలేదు. ఎందుకిలా చేశారని బ్రహ్మ దైత్యుల్ని పిలిచి అడుగుతాడు. విరూపాక్షుడనే దైత్యుడు లేచి, దేవతల కోసం మమ్మల్ని చిన్నబుచ్చావే, వాళ్లెలాగో మేమూ నీలోంచే పుట్టలేదా అని నిలదీస్తాడు. ఇది మీ ఒక్కరి కథా కాదు, దేవతల ఒక్కరి కథా కాదు, మూడు లోకాల నడవడినీ చూపేదని బ్రహ్మ సర్దిచెబుతాడు. జవాబు గొప్పదే. కానీ కర్ర దెబ్బలు తిన్నాక వచ్చిన జవాబు. పైగా అప్పటికే రంగశాల మూలమూలకూ దేవతల్ని కాపలా పెట్టారు తప్ప, వేదిక ఎక్కిరమ్మని ఒక్క దైత్యుణ్నీ పిలవలేదు.

అయినా ఆ చదువును నేను వదల్లేదు. పదమూడు శిరోభేదాలు, ముప్పై ఆరు దృష్టులు అద్దం ముందు సాధన చేశాను. ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడే నాకు ‘ళ’, ‘ణ’ ఓ పట్టాన పలికేవి కావు. తోటివాళ్లకు మహాప్రాణాలు జారిపోయేవి. ‘ఘ’, ‘ధ’, ‘భ’ నాకు అమ్మీ మాటల్లోంచే వచ్చాయి. నాకు లేనిది వాళ్లిచ్చారు, వాళ్లకు లేనిది నేనిచ్చాను. ఒక ఊపిరిలో ఒక పద్యం నిలిపేసరికి రెండేళ్లు పట్టింది. హరిశ్చంద్రుడి కాటిసీను నా పద్యమైంది. బలిజేపల్లి లక్ష్మీకాంతం నాటకంలో దళిత కవి జాషువా పద్యాలు పాడకపోతే ఆ సీను జనానికి ఆనదు. ఊరవతల నిలబెట్టిన మనిషి పద్యమే మన పద్యనాటకానికి గుండెకాయ అయిందన్నమాట.

చదువయ్యాక ఒక నాటక సమాజానికి వెళ్లాను. హరిశ్చంద్రుడు చేస్తానన్నాను. దర్శకుడు నా పేరు అడిగి, ఢిల్లీ సుల్తాను సైనికుడి వేషం ఇచ్చాడు. “తురక తెలుగులో మాట్లాడాలి, నీకు సులువే గదా” అన్నాడు. రెండేళ్లు నాలుక సానబెట్టింది దేనికి, మళ్లీ మొద్దు చేసుకోవడానికా? రాజుకు సంస్కృతం, ఆడవాళ్లకూ నౌకర్లకూ ప్రాకృతం అన్న పాత కట్టడే, 1897లో వేదం వేంకటరాయ శాస్త్రి ‘ప్రతాపరుద్రీయం’తో తెలుగులో పాత్రోచిత భాషగా నిలబడింది. దాన్ని నేను తప్పంటలేను. పాత్రకు తగిన భాష కళే. మనిషి పేరు చూసి పాత్రనూ భాషనూ అంటగట్టడం కళ కాదు.

ఇంటికొస్తే మామూ పట్టుకున్నాడు. “హిందూ రాజు వేషం కట్టి శివుడి పేరెత్తితే ఈమాన్ ఉంటదారా?” అన్నాడు. ఆ దర్శకుడూ మా మామూ ఒకరినొకరు ఎన్నడూ చూడలేదు. కానీ ఇద్దరూ ఒక్క మాటే చెప్పారు: నీ పేరులోంచి బయటికి రావద్దు.

అప్పటినుంచీ ఒక ప్రశ్న నన్ను తొలుస్తోంది. మన పాత్రలు మనవాళ్లే వేయాలని మనం అడగాలా? కోపంలో అడగబుద్ధవుతుంది. అడిగితే హరిశ్చంద్రుణ్ని నేనే వదులుకోవాలి. పాత్ర అందరిదీ అని ఊరుకుంటే ఆ సైనికుడి వేషం నాకు శాశ్వతమవుతుంది. రసం పుట్టేచోట ఆ దుఃఖం నాదీ కాదు, పరాయివాడిదీ కాదని కాశ్మీరు పండితుడు అభినవగుప్తుడు వెయ్యేళ్ల కింద చెప్పాడు. 1963లో ఫిరోజ్‌షా తుగ్లక్ కోట శిథిలాల్లో ‘అంధా యుగ్’ ఆడించి, కురుక్షేత్రం చివరిరోజును చూపింది ఇబ్రహీం అల్కాజీ. శూద్రకుడి ‘మృచ్ఛకటికం’లోకి 1958లో ఛత్తీస్‌గఢ్ పల్లె కళాకారులను తెచ్చింది హబీబ్ తన్వీర్. వాళ్లు ఎవరి అనుమతీ అడగలేదు. మన పల్లెల్లో పీరెత్తుకుని నిప్పుల గుండం తొక్కే హిందువును మాత్రం నీ మతమేదని ఎవరడిగారు?

కాబట్టి నేనడిగేది వాటా కాదు. రెండు హక్కులు. ఏ పాత్రనైనా వేసే హక్కు. నన్ను చిన్నబుచ్చే ఆటను లేచి ప్రశ్నించే హక్కు. మొదటిది లేని రెండోది ఉత్త కోపం. రెండోది లేని మొదటిది ఉత్త నౌకరీ.

ఆ సైనికుడి వేషం నేను వెయ్యలేదు. తర్వాత రైల్వే కార్మికుల ముందు కాటిసీను పాడాను. అబ్బా చివరి వరసలో కూర్చున్నాడు. ఇంటికి నడుస్తూ ఒక్కటే అడిగాడు: “ఆ రాజు కాటికాపరి పని చేసిండు గదా, కూలీ సరిగ్గ ఇచ్చిండ్రా?”

నాట్యశాస్త్రం మొత్తంలో నాకు దొరకని ప్రశ్న అది. విరూపాక్షుడి పక్కన కూర్చున్నవాళ్లకే అలాంటివి తోస్తాయి. ఇక వాళ్లను వేదిక మీదికి పిలవండి.