పదును ఆరకముందే

నాయనా,

నిన్న ఫోన్లో అరగంట మాట్లాడావు. నేను ఒక్కసారి కూడా అడ్డం రాలేదు. పెట్టేశాక కాగితం తీసుకుని నువ్వు తిట్టినవాళ్లను వరసగా రాసుకున్నాను. మురుగు కాలవలో గుర్రపుడెక్క తీయించనివాళ్లు, నష్టం రాసుకోవడానికి ఆలస్యంగా వచ్చినాయన, నీకు మాటిచ్చి కోత మిషను వేరేవాళ్ల చేలోకి తోలినవాడు, తడిసిందని బస్తాకు రేటు కోసిన మిల్లు మనిషి, ఉద్యోగం వెతుక్కుంటానంటే సేద్యంలోకి దించిన మీ నాన్న. చివర్లో దేవుణ్ణి కూడా కలిపావు. అందులో అబద్ధం ఏమీ లేదు. మిచాంగ్ తుఫాను వచ్చి ఇన్నాళ్లయినా నీ కడుపులో మంట ఆరలేదంటే అర్థం చేసుకోగలను. కానీ అరగంటలో నీ చేను సంగతి ఒక్కసారీ రాలేదు. వరి ఎంతవరకు పండింది, కోత ఎప్పుడు, దుబ్బుల కింద తేమ ఎలా ఉంది, ఏమీ చెప్పలేదు. నాకు భయం వేసింది. ఎందుకో చెబుతాను, విను.

1977 నవంబరు 19న నాకు పదిహేడేళ్లు. ఏటికి అవతల దివిసీమలో ఉప్పెన ఊళ్లకు ఊళ్లను ఊడ్చేసింది. సర్కారు లెక్కలోనే 10 వేల దాకా ప్రాణాలు పోయాయి. మన చేలదాకా సముద్రం రాలేదు గానీ గాలివానే చాలింది. కోతకొచ్చిన వరి చాపలా పరుచుకుపోయింది. నాలుగు రోజుల ముందే కోసేద్దామన్నాడు మా నాన్న. గింజ ఇంకా పచ్చిగా ఉంది, ఆగుదామన్నాడు మీ తాత. ఉమ్మడి చేను కాబట్టి నష్టం ఇద్దరిదీ. తప్పు దగ్గరికి వచ్చేసరికి మాత్రం 'నీ వల్లే' అని మా నాన్న, 'నువ్వు గట్టిగా ఎందుకు చెప్పలేదు' అని మీ తాత. కొన్నాళ్లకు నీళ్లు లాగాయి. నేల మినుముకు సరిగ్గా కుదిరింది. ముందు ఎవరు చేలోకి దిగితే వాళ్లు తప్పు ఒప్పుకున్నట్టవుతుందని ఇద్దరూ దిగలేదు. విత్తనం మినుములు కుండలో అట్లాగే ఉండిపోయాయి. చేను నెర్రెలిచ్చాక చల్లి ఏం లాభం?

తర్వాత పదకొండేళ్లు మాటల్లేవు. గట్టు మీద ఎదురుపడితే ఒకరు ముఖం తిప్పుకుని చేలోకి దిగి నడిచేవారు. మీ నాన్న పుట్టినప్పుడు మా ఇంట్లోంచి మగవాళ్లెవరూ చూడటానికి రాలేదు. తుఫాను తీసుకెళ్లింది ఒక్క పంట. మిగతాదంతా మనవాళ్లే తీసి పారేశారు.

తుఫాను వచ్చిన ఆ నెలలో మా ఇంట్లో ఏదైనా పని జరిగిందంటే అమ్మ వల్లే. బురదలోంచి పనలు లాగించి రోడ్డు మీద ఆరబెట్టించింది. చేటలో పోసుకుని, మొలక ముక్కు పొడిచిన గింజ వేరు, పొడవని గింజ వేరు చేసింది. ఆ మంచి గింజను నానబెట్టి, గుండిగలో ఉడకబెట్టి, ఈత చాపల మీద ఆరబోసింది. రాత్రుళ్లు ఇల్లంతా ఆ ఉడికిన వడ్ల వాసనే. మన వైపు ఉప్పుడు బియ్యం ఎవరికీ రుచించదు. అయినా ఆ ఏడాది మేం తిన్నది అదే. గోడ మీంచి మీ నానమ్మకీ ఆ బియ్యం తట్టతో వెళ్లేవి, మగవాళ్లకు తెలియకుండా. 'అమ్మా, ఇంతకీ తప్పెవరిది?' అని అడిగాను ఒకసారి. 'తెలుసుకుని పొయ్యిలో పెట్టనా?' అంది, చేయి ఆపకుండా.

తప్పు చేసినవాణ్ణి వదిలెయ్యమని నేను అనడం లేదురా. మురుగు కాలవ గురించి అర్జీ రాయి. నీతోపాటు ఆయకట్టులో మరో పదిమంది చేత సంతకాలు పెట్టించు, నకలు దగ్గరుంచుకో. ఈ-క్రాప్‌లో నీ పంట ఎక్కిందో లేదో చూసుకో. కౌలుకు చేసే ఆ రెండెకరాలకు కౌలు కార్డు ఉందా? దాని కోసం తిరగాల్సింది ఇప్పుడు. నష్టం రాసుకునే మనిషి వచ్చి నిలబడ్డప్పుడు వెతుక్కుంటే దొరకదు. అడగాల్సినవాళ్లను అడిగి రా. వచ్చాక మళ్లీ రాత్రి పూట వాళ్లతో మనసులో పోట్లాడకు.

కోపం మాట వచ్చింది కాబట్టి చెబుతాను. తెనాలి స్టేషన్లో రేపల్లె బండి కోసం కూర్చున్నప్పుడల్లా నాకు రచయిత శారద గుర్తొస్తాడు. అసలు పేరు ఎస్. నటరాజన్, తమిళ కుర్రాడు. 1937లో తండ్రితో తెనాలి వచ్చాడు. హోటళ్లలో సర్వరు పని, మూర్ఛ జబ్బు, పస్తులు. తనది కాని తెలుగును నేర్చుకుని ఆ తెలుగులోనే కథలు రాశాడు, 'మంచీ చెడూ', 'ఏది సత్యం', 'అపస్వరాలు' నవలలు రాశాడు. 1955లో ముప్పై ఏళ్ల ప్రాయంలో పోయాడు. ఆయనకు జరిగింది న్యాయం కాదు. ఆ ఆకలి రోజుల్ని గొప్పగా చెప్పుకోవడం నాకు ఇష్టం ఉండదు. ఆయనకు లోకం మీద కోపం లేదని కూడా అనను, ఆ నవలల పేర్లే చెబుతాయి. అయితే ఆ కోపాన్ని పగలంతా బల్లలు తుడిచిన చేత్తో కాగితం మీద పెట్టాడు. అందుకే ఇన్నేళ్లకూ మనం చదువుకుంటున్నాం.

మన దగ్గరా అంతే. 1977 ఉప్పెన తర్వాత మన తీరం వెంట తుఫాను షెల్టర్లు లేచాయి. మళ్లీ వస్తే మనుషుల్ని ఎక్కడికి చేర్చాలా అని ఆలోచించినవాళ్లు కట్టించినవి అవి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ సరిగ్గా బాపట్ల దగ్గరే తీరం దాటింది. నీ వరి పడిపోయింది, నిజమే. కానీ లోతట్టు ఊళ్లవాళ్లను ముందే తరలించారు, 1977లా శవాలు లెక్కపెట్టుకునే రాత పట్టలేదు. ఇంకో మాట, నొచ్చుకోకు. తడిసిన పనలు మొలకెత్తకుండా లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి కొట్టమని వ్యవసాయ శాఖవాళ్లు ప్రతి తుఫానుకూ చెబుతారు. మీ పక్క చేనాయన కొట్టాడు. ఆ మూడు రోజులూ నువ్వు గట్టు మీద నిలబడి ఫోన్లో ఎవరితోనో గొడవ పడుతున్నావు. నేను చూశాను.

ఇక ఇప్పటి సంగతి. 'మినుము వెయ్యను, మిషను తొక్కేస్తుంది, పల్లాకు తెగులు వస్తుంది' అని ఆమధ్య అన్నావు. రెండూ నిజమే. మన వైపు చాలామంది మినుము వదిలి, దుక్కి దున్నకుండా వరి దుబ్బుల మధ్యే రంధ్రాలు చేసి మొక్కజొన్న పెట్టడం మొదలుపెట్టింది ఆ బాధలు పడలేకే. అంతకుముందు ఈ నేలలో అలాంటి సాగు చూసినవాడు లేడు. మినుమూ మొక్కజొన్నా రెండూ లెక్క వేసి చూడు. మొక్కజొన్నకు తడులు కావాలి. నీ కాలవ పక్క మడుల్లో ఇంజను పెట్టి తోడుకోవచ్చు, అక్కడ అది పెట్టు. మెరక చేలో నీరు అందదు, అక్కడ మినుమే దిక్కు. ఆ ముక్క వరకు మిషను వద్దు, కూలీలను పెట్టి కోయించు. ఖర్చు ఎక్కువే, కానీ అది ఎకరమే కదా. పల్లాకును తట్టుకునే టీబీజీ 104 లాంటి రకాలు వచ్చాయి, పాత విత్తనమే చల్లాలని ఎవరన్నారు? నువ్వు పండించే సాంబ మసూరి వరి, అదే బీపీటీ 5204, కూడా అంతే కదా. బాపట్లలో పుట్టి 1986లో విడుదలైంది. తినడానికి ఎంత బాగుంటుందో ఎండాకు తెగులుకు అంత లోకువ. హైదరాబాద్ శాస్త్రవేత్తలు దాన్ని తీసి పారెయ్యకుండా, తెగులును తట్టుకునే జన్యువులు చేర్చి అదే సాంబ మసూరిని మెరుగుపరిచి ఇచ్చారు.

మినుముకు మనం వేరే నీళ్లు పెట్టం. వరి వదిలిపెట్టిన తేమ, తెల్లవారుజాము మంచు, అంతే దాని ఆస్తి. కోతకు రెండు మూడు రోజుల ముందు నిలబడ్డ వరిలోనే చల్లుతాం. ఎకరానికి 16 నుంచి 18 కిలోలు. పనలు ఎక్కువ రోజులు చేలో ఉంచావంటే కింద మొలక పాలిపోయి సాగుతుంది, త్వరగా ఎత్తించు. డిసెంబరు సగం దాటితే దిగుబడి పడిపోతుంది, నీకు నేను చెప్పక్కర్లేదు.

రేపు పొద్దున్నే చెప్పులు విడిచి మెరక చేలోకి దిగు. నాలుగైదు చోట్ల మడమ గట్టిగా అదిమి చూడు. గుర్తు పడాలి, అందులో నీరు ఊరకూడదు. ఎట్లా ఉందో నాకు ఫోన్ చెయ్యి. వేరే ఎవరి సంగతీ చెప్పకు, నేల సంగతి చెప్పు.

ఆదివారం పొద్దున రేపల్లె బండికి వస్తున్నాను. మొక్కజొన్న సాళ్లకు తాడు, మేకులు సిద్ధంగా పెట్టు. మీ నాన్నను కూడా చేలోకి రమ్మను. నేను రమ్మన్నానని నువ్వే చెప్పు.

మీ పెదనాన్న
తెనాలి