ఎద్దుకు పసరు, మనిషికి మందు

దుక్కి రోజుల్లో ఎద్దుకు జబ్బు చేస్తే రైతు ఊరుకోడు. అడవికి వెళ్లి ఆకు తెచ్చి, నూరి, వెదురు గొట్టంతో పసరు పోస్తాడు. రాత్రి లేచి మేత తిన్నదో లేదో చూసి వస్తాడు. ఆ ఎద్దు మీద అతనికి ప్రేమ ఉండొచ్చు. ప్రేమ లేకపోయినా పసరు మాత్రం పోస్తాడు, అదను దాటితే చేను బీడు పడుతుంది కాబట్టి. అదే ఎద్దు ముసలిదై కాడి మోయలేని రోజున సంతకు తోలేవాళ్లూ మనలో ఉన్నారు. ఎద్దు విషయంలో ఈ లెక్కను మనం పెద్దగా తప్పుపట్టం. కూలికి వచ్చిన మనిషి విషయంలోనూ ఇదే లెక్క వేస్తే ఏమనాలి?

ఆఫ్రికా ఖండం దక్షిణ భాగంలోని గనుల్లో ఈ ప్రశ్న నిజంగానే వచ్చింది. ఇరవై అయిదేళ్ల కిందట అక్కడ హెచ్.ఐ.వి. తీవ్రంగా ఉండేది. దక్షిణాఫ్రికా ప్రభుత్వ ఆసుపత్రుల్లో దానికి ఏ.ఆర్.టి. మందులు ఇచ్చే పథకం ఇంకా లేదు. మందులున్నాయి, వాటితో మనిషి బతుకుతాడని కూడా తెలుసు. కానీ కొనే శక్తి కార్మికుడికి లేదు. అప్పుడు 2001లో బోట్స్వానాలోని వజ్రాల గనుల కంపెనీ డెబ్స్వానా తన కార్మికులకూ, వారి భార్యకు లేదా భర్తకూ మందులు అందించడం మొదలుపెట్టింది. 2002 ఆగస్టులో ఆంగ్లో అమెరికన్ అనే పెద్ద గనుల కంపెనీ తన కార్మికులకు ఉచితంగా మందులిస్తామని ప్రకటించింది. ఆ ప్రాంతంలోని తన కార్మికుల్లో ఇంచుమించు నలుగురిలో ఒకరికి హెచ్.ఐ.వి. ఉందని ఆ కంపెనీయే అంచనా వేసుకుంది.

ముందు ఖర్చు వైపు చూద్దాం. 2000 ప్రాంతంలో ఒక మనిషికి ఏడాది మందులకు పది వేల డాలర్లు దాటేది. 2001 ఫిబ్రవరిలో మన దేశపు సిప్లా కంపెనీ అదే వైద్యాన్ని ఏడాదికి 350 డాలర్లకు ఇస్తానని ముందుకొచ్చింది. ధరలు పడిపోవడం అక్కడ మొదలైంది. అయినా మందు ఒక్కటే ఖర్చు కాదు. రక్తపరీక్షలు, నర్సులు, క్లినిక్కులు కావాలి. పైగా ఈ మందు జ్వరం మాత్ర కాదు, నాలుగు రోజులు వేసి మానేయడానికి. రోజూ వేసుకోవాలి, బతికినన్నాళ్లూ వేసుకోవాలి.

ఇక లాభం వైపు. మందు లేకపోతే జబ్బు ముదిరిన కార్మికుడు చాలా రోజులు పనికి రాలేడు. ఆసుపత్రిలో మంచం పడతాడు. చనిపోతే కుటుంబానికి డబ్బు చెల్లించాలి. కొత్తవాడిని తెచ్చి పని నేర్పాలి. గనిలో పేలుడు మందు పెట్టడం, యంత్రం నడపడం ఒక్కరోజులో వచ్చే పనులు కావు. ఇవన్నీ కూడితే మందు ఇవ్వడం కన్నా ఇవ్వకపోవడమే ఎక్కువ ఖర్చని తేలింది. దక్షిణాఫ్రికాలోని ఒక గని కంపెనీ కార్మికుల మీద 2015లో వెలువడిన అధ్యయనం కూడా మందు ఇవ్వడం కంపెనీకి ఆదాయేనని లెక్కగట్టింది.

లాభం కోసం చేసిన మంచిని మంచి అనవచ్చా? జర్మన్ తత్త్వవేత్త కాంట్ 1785లో రాసిన పుస్తకంలో ఒక దుకాణదారుడి సంగతి చెప్పాడు. చిన్నపిల్లవాడు వచ్చినా అతడు మోసం చెయ్యడు. అయితే అది నిజాయితీ వల్లనా, పేరు పోతే బేరం పోతుందన్న భయం వల్లనా? భయం వల్లనైతే అందులో నైతిక విలువ లేదంటాడు కాంట్. సంతలో చింతపండు, ఇప్పపువ్వు అమ్ముకునే మనకు ఈ మాట సులువుగానే అర్థమవుతుంది. తూకం సరిగా పడితే సంచి పట్టుకుని ఇంటికొస్తాం. షావుకారి మనసులో ఏముందో తూచుకుంటూ కూర్చోం. అలాగే మాత్ర మింగిన మనిషి బతికాడు, అతని పిల్లలు అనాథలు కాలేదు. ఆ మేలు చిన్నది కాదు. కంపెనీకి లాభముందని ఆ మాత్రను వద్దనడం తెలివి కాదు.

కానీ షావుకారి మనసు మనకు అవసరమయ్యే రోజు ఒకటి వస్తుంది. మోసం చేసినా ఎవరికీ తెలియని రోజు అది. గనిలోనూ అంతే. లాభం కోసమే మందు ఇస్తే, లాభం ఆగినచోట మందు ఆగుతుంది. ఊళ్లో ఉన్న భార్య గనిలో పనిచెయ్యదు, లెక్క ఆమె దాకా రాదు. కాంట్రాక్టరు కింద ఉన్న కూలీ పోతే ఇంకొకడు దొరుకుతాడు, లెక్క అతన్నీ వదిలేస్తుంది. పని పోయినవాడి మాటేమిటి? దక్షిణాఫ్రికా బంగారు గనుల్లో 1980ల చివర అయిదు లక్షలకు పైగా పనిచేసేవారు. 2000 తర్వాత కొన్నేళ్లకే అది రెండు లక్షల లోపుకు పడిపోయింది. ఉద్యోగం కొన్నేళ్లది, మందు జీవితకాలానిది. మాత్ర ఆగితే వైరస్ మళ్లీ లేస్తుంది. పని పోయిన రోజే మందు పోతే, ఆ మనిషికీ సంతకు తోలిన ఎద్దుకూ తేడా ఏముంది?

కంపెనీ వాళ్లు అడగవచ్చు: "జబ్బు మేం తెచ్చామా? జీవితాంతం మేమెందుకు భరించాలి?" ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే చరిత్రలోకి వెళ్లాలి. 1886లో జోహన్నెస్‌బర్గ్ దగ్గర బంగారం బయటపడింది. 1913 నాటి భూమి చట్టం నల్లవారికి దేశంలో ఇంచుమించు ఏడు శాతం నేల మాత్రమే మిగిల్చింది. భూమి పోయినవాడు, గుడిసె మీద పన్ను కట్టలేనివాడు గనికి వెళ్లక తప్పలేదు. భార్యాబిడ్డల్ని వెంట తెచ్చుకోనివ్వలేదు. మగవాళ్లకు మాత్రమే కట్టిన హాస్టళ్లలో పడుకోబెట్టారు. ఏడాదిలో ఎక్కువ కాలం ఇంటికి దూరంగా ఉంచారు. గనిలో రాతి దుమ్ము ఊపిరితిత్తుల్ని తిన్నది, దాని మీద క్షయ వచ్చింది. ఈ జబ్బు అక్కడ అంతగా పాకడానికి కార్మికుడి నడవడిక ఒక్కటే కారణం కాదు, ఆ బతుకును అలా కట్టినవాళ్ల చెయ్యి కూడా ఉంది. కాబట్టి కంపెనీ ఇచ్చింది దానం కాదు, బాకీ. బాకీ తీర్చేటప్పుడు నాకేం లాభమని ఎవరూ అడగరు.

నేల పోవడం, కూలికి పోవడం ఒకదాని వెంట ఒకటి వస్తాయని మనకు ఎవరూ ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు.

ఇంకో అభ్యంతరం ఉంది, ఇది గట్టిది. భారమంతా యజమాని మీద వేస్తే జబ్బున్నవాడిని పనిలోకే తీసుకోడు, ముందే రక్తం పరీక్ష చేయిస్తాడు. ఆ భయం నిజమే. అందుకే దక్షిణాఫ్రికా 1998లోనే, లేబర్ కోర్టు అనుమతి లేకుండా ఉద్యోగికి హెచ్.ఐ.వి. పరీక్ష చేయకూడదని చట్టం చేసింది. గుట్టు సంగతీ ఉంది. కంపెనీలు ఉచితంగా ఇస్తామన్నా మొదటి ఏళ్లలో అనుకున్నంత మంది ముందుకు రాలేదు. జీతమిచ్చే చేతికే తన రక్తం సంగతి తెలిస్తే ఏమవుతుందోనని కార్మికుడు జంకాడు.

ఈ రెంటినీ చూస్తే నాకు తోచేది ఇది: మందు ప్రభుత్వం నుంచి, మనిషికి హక్కుగా రావాలి. ఖర్చులో కంపెనీ తన బాకీ కట్టాలి. అక్కడి ప్రజలు కూడా కంపెనీ ఇచ్చినదానితో ఆగలేదు. ట్రీట్‌మెంట్ యాక్షన్ క్యాంపెయిన్ అనే సంఘం, కార్మిక సంఘాలు వీధుల్లోనూ కోర్టుల్లోనూ పోరాడాయి. 2004లో ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు రావడం మొదలైంది. అప్పుడు భార్యకూ, పని పోయినవాడికీ దారి దొరికింది.

మన దేశంలోనూ 2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వం ఈ మందులు ఉచితంగా ఇస్తోంది. 2017లో చేసిన చట్టం ప్రకారం హెచ్.ఐ.వి. ఉందని ఉద్యోగం నిరాకరించకూడదు, పనిలోంచి తీసెయ్యకూడదు, ఉద్యోగం కోసం ఆ పరీక్ష అడగకూడదు. జబ్బు సంగతి బయటపెట్టకూడదు. వంద మంది, అంతకు పైన ఉన్న సంస్థలో ఫిర్యాదులు వినే అధికారి ఉండాలి. మన పిల్లలు ఇంటరో, ఐ.టి.ఐ.నో చదివి కంపెనీలకు, గనులకు, పట్నపు కట్టడాలకు పోతున్నారు. పోయేముందు ఈ నాలుగు ముక్కలు వాళ్లకు తెలియాలి. మందు తెచ్చుకోవడానికి ఒకపూట సెలవిచ్చి, సంగతి గుట్టుగా ఉంచే యజమాని తన ధర్మం తాను చేస్తున్నాడు. అందుకు అతని ముందు తల వంచుకుని నిలబడాల్సిన పని లేదు.

తరగతిలో పిల్లలకు లాభనష్టాల లెక్కలు మనమే నేర్పుతాం, నేర్పాలి కూడా. ఆ లెక్కతో తేల్చకూడనివి కొన్ని ఉన్నాయని చెప్పడం కూడా మన పాఠమే. ఎద్దుకు పసరు దుక్కి కోసం పోస్తారు. మనిషికి మందు అతను మనిషి కాబట్టి అందాలి, పనిలో ఉన్నా, పని మానేసి ఊరికి తిరిగొచ్చినా.