పీఠముపై నున్న పుస్తకము



మనుష్యుడు మూడు ఋణములతో జన్మించునని మన పెద్దలు చెప్పుదురు. అవి దేవఋణము, పితృఋణము, ఋషిఋణము. యజ్ఞముచేతను పూజచేతను దేవఋణము తీరును. సత్సంతానముచేతను పితృకార్యముచేతను పితృఋణము తీరును. చదువుటచేతను, చదివినదానిని తరువాతివారికి చెప్పుటచేతను ఋషిఋణము తీరును. ఈ మూటిలో ఏ ఒక్కటి మిగిలినను మనుష్యుడు ఋణవిముక్తుడు కాజాలడు.

మారిషస్ ద్వీపమునందలి తెలుగువారమగు మనము మొదటి రెండు ఋణములను శ్రద్ధతోనే తీర్చుచున్నాము. ఉగాదినాడు మన మందిరములు నిండును. అమ్మోరు పండుగకు వేపాకును పసుపును సిద్ధము చేసికొందుము. దీపమును నడుమ నుంచి, దాని చుట్టును తిరుగుచు రామభజనము చేయుదుము. సింహాచలమును కన్నులార చూడని వారి యిండ్లలో సైతము సింహాద్రి అప్పన్నకు పూజ జరుగుచున్నది. కోరంగి రేవునుండియు, విశాఖ తీరమునుండియు, మద్రాసునుండియు ఓడలెక్కి వచ్చిన పితరులను స్మరించుటకు పోర్ట్ లూయీలోని ఆప్రవాసి ఘాట్ మెట్లయొద్దకు పోవుదుము. 2006వ సంవత్సరమున ఆ స్థలము ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపబడినది. అది మనకందరకు గౌరవము.

మరి మూడవ ఋణము మాట యేమి? ఈ దినమున దానినిగూర్చియే విన్నవించుకొనదలచితిని.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక గృహస్థు తన గృహప్రవేశమునకు నన్ను పిలిచెను. పూజాపీఠముపై దేవతల పటముల నడుమ ఎఱ్ఱని గుడ్డలో చుట్టిన పుస్తకమొకటి యుండెను. ఆ గుడ్డ కుంకుమతోను, కర్పూరపు పొగతోను నల్లబారియుండెను. ఇది యేమని నేనడిగితిని. గృహస్థు క్రియోల్ భాషలో, "పంతులుగారూ, ఇది మా నాయనమ్మగారి మంత్రపుస్తకము. ప్రతి శుక్రవారము దీనికి హారతి ఇచ్చుచున్నాము. మాలో ఎవ్వరికిని చదువ రాదు. నేడు శుభదినము గనుక ఇందులోని మంత్రమొకటి మీరు చదువవలెను" అని ప్రార్థించెను.

నేను నమస్కరించి గుడ్డ విప్పితిని. అది మంత్రపుస్తకము కాదు. బడిపిల్లలు వ్రాసికొను నోటుపుస్తకము. మొదటి పుటలలో అకారాది అక్షరములు వంకరటింకరగా నుండెను. తరువాత ఒక పుట నిండ ఒకే వాక్యము మరల మరల వ్రాయబడియుండెను: "నేను చదవగలను. నేను రాయగలను." పిమ్మట చిన్న చిన్న వాక్యములు. "బియ్యం రాలేదు. మొక్కజొన్న పిండి వచ్చింది." "గాలివాన. కప్పు పోయింది. అందరం బతికాం." "చిన్నోడికి జొరం." చివర బిడ్డల పేర్లు, వారు పుట్టిన దినములు, తాను విన్నది విన్నట్లు వ్రాసికొన్న రామభజన పదములు.

నేను నిజము చెప్పక తప్పలేదు. ఇంటిలోనివారు నిశ్శబ్దులైరి. గృహస్థు ముఖము చిన్నబోయెను. "అయితే ఇన్నేండ్లు మేము దేనికి మ్రొక్కితిమి?" అని యడిగెను. ఆ ప్రశ్న నేటికిని నా చెవులలో నున్నది.

ఆయనకు నేను చెప్పిన సమాధానమును మీకును చెప్పుటకు ముందు, ఆ వాక్యములు వ్రాయబడిన కాలమును మీరు తెలిసికొనవలెను. అవి 1940ల దశకపు దినములు. రెండవ ప్రపంచ యుద్ధము జరుగుచుండెను. మన ద్వీపమునకు అన్నము పెట్టినది బర్మా బియ్యము. 1942లో బర్మా జపాను సేనల వశమగుటతో ఆ బియ్యము రాక నిలిచిపోయెను. చెఱకు పండిన నేలలో కొంతభాగమున మొక్కజొన్నయు, కర్రపెండలమును వేయించిరి. పండుగనాడైనను తెల్లని అన్నము వండలేని తల్లులు మొక్కజొన్న పిండినే ఉడికించి దేవునికి చూపి బిడ్డలకు పెట్టిరి. ఆ నైవేద్యమును దేవుడు తిరస్కరించెనని ఎవడు చెప్పగలడు?

కూలి చాలదు, ధర పెరుగును. బెల్ వ్యూ హారెల్ చెఱకు తోట కూలీలు న్యాయమైన వేతనము కోరి పని మానిరి. 1943 సెప్టెంబరు 27వ తేదీన పోలీసులు వారిపై కాల్పులు జరిపిరి. మరణించిన నలుగురిలో అంజలై కూపెన్ అను గర్భవతి కలదు. ఆ తల్లి పేరు నేడు ఒక క్రీడాస్థలమునకు ఉన్నది. 1945 ఆరంభమున వరుసగా తుపానులు వచ్చి పూరియిండ్ల కప్పులను ఎగురగొట్టెను. అదే యేట పోలియో వ్యాధి పసిబిడ్డలను పీడించెను. మలేరియా జ్వరము లేని యిల్లు అరుదు. "గాలివాన. కప్పు పోయింది. అందరం బతికాం" అను మూడు వాక్యములలో ఆ యిల్లాలు ఎంత కథను ఇమిడ్చినదో చూడుడు. ఆమె ఎవరిని నిందింపలేదు, తన దుఃఖమును వర్ణింపలేదు. బ్రతికితిమని వ్రాసికొని, మరునాడు పొలమునకు పోయినది.

ఇక "నేను చదవగలను, నేను రాయగలను" అను వాక్యము. దీనికిని కారణమున్నది. అంతకుమునుపు ఆస్తియో ఆదాయమో కలవారికే వోటుహక్కు ఉండెను. ద్వీపమంతటికిని వోటర్లు సుమారు 12,000 మంది మాత్రమే. 1947 నాటి నూతన రాజ్యాంగము ఈ ద్వీపమున వాడుకలోనున్న భాషలలో ఏదేని ఒకదానిలో సరళవాక్యములను చదివి వ్రాయగల వయోజనులందరకు, స్త్రీలకును పురుషులకును, వోటునిచ్చెను. ఆ భాషల వరుసలో ఇంగ్లీషు, ఫ్రెంచి, హిందుస్థానీ, తమిళములతోపాటు తెలుగు పేరును స్పష్టముగా చేర్చిరి. పగలంతయు చెఱకు నరికిన చేతులు రాత్రి పలక పట్టెను. బాసుదేవ్ బిసూన్‌దోయాల్ గారి జనాందోళనము ఊరూర అక్షరాస్యతను ప్రబోధించెను. 1948 ఎన్నికల నాటికి వోటర్ల సంఖ్య 70,000 దాటెను. ఇరువది సంవత్సరములకు, 1968 మార్చి 12న, ఈ ద్వీపము స్వతంత్రమయ్యెను.

ఆ యిల్లాలు ఒక పుట నిండ ఆ వాక్యమును ఎందుకు వ్రాసినదో ఇప్పుడు మీకు తెలిసినది కదా. అది పరీక్షకు అభ్యాసము. తన జీవితములో మొదటిసారి తాను మనిషిగా లెక్కకు వచ్చుటకై చేసిన జపము. అందుచేత నేను ఆ గృహస్థుతో ఇట్లంటిని: "నాయనా, మీరు మ్రొక్కినది తప్పు కాదు. ఇది మంత్రమే. అయితే మంత్రమును గుడ్డలో చుట్టియుంచరాదు. విప్పి చదువవలెను."

అప్పుడు పదేండ్ల బాలుడొకడు ముందుకు వచ్చి, "ఇందులో మా తాతగారి పేరెక్కడున్నది?" అని యడిగెను. వాని వ్రేలు పట్టుకొని ఆ పేరుమీద నుంచితిని. వాడు ఆ అక్షరములను ఒక్కొక్కటిగా తడిమెను. హోమముకంటెను, హారతికంటెను ఆ దినమున నాకు మిక్కిలి పవిత్రముగా తోచినది ఆ క్షణమే.

సోదరులారా, ఇది మన కథ మాత్రమే కాదు. మనవారిని చెఱకు కొఱకు సముద్రము దాటించినట్లే, మరియొక జనమును చేపల కొఱకు సముద్రము దాటించిరి. ఐర్లండు దేశపు ఆగ్నేయ తీరమున, సూర్ నది యొడ్డున, వాటర్‌ఫోర్డ్ అను ప్రాచీనమైన రేవు పట్టణము కలదు. పదునెనిమిదవ శతాబ్దమునందును, పందొమ్మిదవ శతాబ్దపు మొదటి దశకములందును న్యూఫౌండ్‌లాండ్‌కు పోవు చేపల ఓడలు అచ్చట ఆగి, ఉప్పువేసిన మాంసమును, వెన్నను, వానితోపాటు పేద యువకులను ఎక్కించుకొనెడివి. రెండు వేసవులు, ఒక శీతకాలము పని చేయుట వారి ఒడంబడిక. మనవారి ఒడంబడిక ఐదేండ్లు. మనవారివలెనే వారిలోను పెక్కుమంది తిరిగిపోలేదు. తమ ఐరిష్ భాషలో ఆ దూరదేశమును వారు చేపల నేల అని పిలిచిరి.

వారి సంతతివారి మాటలో వాటర్‌ఫోర్డ్ యాస నేటికిని వినబడునట. రెండు వందల ఏండ్లు గడచినను నాలుకపై ఆ ఊరి రాగము పోలేదు. కాని తాతలు తెచ్చిన ఐరిష్ భాష అచ్చట పోయినది. రాగము మిగిలినది, మాట మిగులలేదు. ఇది విన్నప్పుడు మన భజనలు నాకు జ్ఞప్తికి వచ్చినవి. రాగము తప్పకుండ పాడుదుము. పదమునకు అర్థమేమని పిల్లవాడడిగినచో ఒకరి ముఖమొకరము చూచుకొందుము.

అయితే ఆ వాటర్‌ఫోర్డ్ ప్రాంతమే మరియొక పాఠమును కూడ చెప్పుచున్నది. పట్టణమున ఇంగ్లీషే వినబడినను, అదే జిల్లాలో సముద్రపు ఒడ్డున రింగ్ అను చిన్న గ్రామసీమ కలదు. అచ్చట ఐరిష్ భాష నేటికిని జీవించియున్నది. అచ్చటి కళాశాలకు ఇతర ప్రాంతముల పిల్లలు సైతము పోయి, ఆ భాషలోనే తిని, ఆడి, చదివి వత్తురు. మన నాయనమ్మలు మొక్కజొన్న పిండిని కొలుచుకొన్న ఆ 1940లలోనే ఐర్లండు గృహిణులు మనిషికి వారమునకు అర ఔన్సు తేయాకుతో సరిపెట్టుకొనిరి. యుద్ధకాలపు కొరత వారిని గూడ విడువలేదు. లేమిలో నున్నవారే భాషను కాచిరి, అచ్చటను, ఇచ్చటను. కలిమిలో నున్న మనము తీరిక లేదనుట ఎట్లు చెల్లును?

ఇందులో ఇతరులను నిందించుట నా యుద్దేశము కాదు. నాకును ఈ దోషమున భాగము కలదు. భక్తులకు సులభమగునని భజన పదములను ఇంగ్లీషు అక్షరములలో అచ్చువేయించి పంచినవారిలో నేనొకడను. పదియేండ్లు పంచితిని. ఆ కాగితములవలన పాడువారు పెరిగిరి, చదువువారు తగ్గిరి. ఆ నోటుపుస్తకమును చూచిన దినమున నాకు సిగ్గు కలిగినది. చిమ్నీదీపపు వెలుగులో ఆ తల్లి నేర్చిన అక్షరములను విద్యుద్దీపముల క్రింద నేనే కప్పిపెట్టితినని తోచినది.

అక్షరమనగా నశింపనిది అని యర్థము. భగవద్గీతయందు ఎనిమిదవ అధ్యాయము అక్షర పరబ్రహ్మ యోగమను పేర ప్రసిద్ధము. పరబ్రహ్మమునకును, మనము పలకపై దిద్దు అకారమునకును మన పెద్దలు ఒకే పేరు పెట్టిరి. పరబ్రహ్మము మన సాయము లేకయే నిలుచును. పలకమీది అక్షరము అట్లు నిలువదు. దానిని నేర్పువాడొకడును, నేర్చువాడొకడును ఎల్లప్పుడు ఉండవలెను. వారిలో ఏ ఒక్కరు లేకపోయినను నశింపనిదను పేరుగలది మన యింటనే నశించును.

నిరాశకు కారణము లేదు. ఆ దశకముననే మారిషస్ ఆంధ్ర మహాసభ రూపొందినది. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు మన ద్వీపముననే జరిగినవి. మహాత్మాగాంధీ సంస్థలో తెలుగు బోధించుచున్నారు. పాఠశాలలలో మన పిల్లలు తెలుగును ఎన్నుకొని చదువవచ్చును. ద్వారము తెరచియే యున్నది. లోపలికి పోవలసినవారము మనమే.

కావున ఈ ఉగాదినుండి మూడు పనులు చేయుదము. ఇంటిలో పెట్టెలయందును, పీఠములపైనను ఉన్న పాత పుస్తకములను, ఉత్తరములను, పెండ్లి పత్రికలను మందిరమునకు తెండు. చదువ నేర్చినవారు కూర్చుండి వానిని బిగ్గరగా చదువవలెను. ప్రతి బాలునికిని, బాలికకును మొట్టమొదట తమ ముత్తవ్వ పేరును తెలుగు అక్షరములలో వ్రాయుట నేర్పుదము. మూడవది, భజన కాగితములపై తెలుగు అక్షరములను పైనను, ఇంగ్లీషు అక్షరములను క్రిందను అచ్చువేయింతము. కన్ను కొంతకాలము క్రిందికి పోవును, తరువాత పైన నిలుచును. ఈ మూడవ పనిని నేను ప్రారంభించితిని.

ఆ బాలుని సంగతి చెప్పి ముగింతును. మరుసటి యేడు ఆ యింటికి మరల పోయితిని. ఎఱ్ఱని గుడ్డ మడిచి ప్రక్కన పెట్టియుండెను. పుస్తకము పీఠముపైననే తెరచియుండెను. దాని ప్రక్కన ఒక క్రొత్త నోటుపుస్తకము. మొదటి పుటలో, వంకరటింకర అక్షరములతో, ఆ బాలుడు ముత్తవ్వ వాక్యమునే వ్రాసియుండెను: "నేను చదవగలను. నేను రాయగలను." గృహస్థు రెండు పుస్తకములకును కుంకుమ పెట్టెను. నేను రెండింటికిని హారతి ఇచ్చితిని.

దేవతలు, పితరులు, ఋషులు మన యిండ్లను ఆశీర్వదింతురు గాక.

శుభం భూయాత్.