దేహం అమానతు: కొంచెమైనా నిలకడగా

ప్రళయదినాన కొన్ని ప్రశ్నలకు సమాధానం చెప్పనిదే దాసుని పాదాలు అల్లాహ్ సన్నిధి నుండి కదలవని దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) తెలియజేశారు. జీవితకాలం ఎలా గడిపావు, నేర్చిన విద్యతో ఏం చేశావు, సంపద ఎలా ఆర్జించి ఎందులో ఖర్చు పెట్టావు అన్న ప్రశ్నలతోపాటు, శరీరాన్ని దేనిలో అరగదీశావన్న ప్రశ్న కూడా ఉంటుంది (తిర్మిజీ). సంపద గురించిన ప్రశ్న మనకు బాగానే గుర్తుంటుంది. శరీరం గురించిన ప్రశ్నే గుర్తుండదు. ఈ దేహం మన సొత్తు కాదు, అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. దాన్ని ఎలా అప్పగించాడో అలా కాపాడుకోవడం విశ్వాసి బాధ్యత.

ఈనాడు మన మసీదుల్లో వరుసల చివర కుర్చీల సంఖ్య పెరుగుతోంది. వ్యాధిగ్రస్తులు, వృద్ధులు కూర్చుని నమాజు చేయడానికి ధర్మం అనుమతించింది. అందులో దోషం ఏమాత్రం లేదు. కానీ నలభై, యాభై ఏళ్ల వయసులోనే మోకాళ్లు వంగక, నుదురు నేలకు ఆనించలేని స్థితి వస్తే ఆ బాధ అనుభవించేవారికే తెలుసు. అధిక బరువు మోకాళ్లను అరగదీస్తుంది, మధుమేహాన్నీ రక్తపోటునూ పిలుచుకొస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 36 మంది ఉండవలసిన బరువును మించి ఉన్నారు. పురుషులలోనూ దాదాపు మూడోవంతు మంది పరిస్థితి ఇదే.

మారింది మన బతుకు తీరు

పిట్టలవానిపాలెం, చందోలు, ఖాజీపాలెం వంటి మన డెల్టా గ్రామాల్లో తాతల కాలంలోనూ అన్నమే తిన్నారు. కానీ వారు పొలంలో నడుము వంచారు. నూర్‌బాషా కుటుంబాలవారు భుజాలు నొప్పిపుట్టేలా దూది ఏకారు. ఆడవారు బిందెలతో నీళ్లు మోశారు, రోట్లో దంచారు. తిన్నది చెమటగా కరిగేది. ఈనాడు మోటారు నీళ్లు తోడుతోంది, మిక్సీ రుబ్బుతోంది, పక్క వీధికి కూడా బండి మీదే వెళుతున్నాం. బాపట్ల పరిశోధనా స్థానంలో రూపొంది 1986లో విడుదలైన సాంబ మసూరి (బీపీటీ-5204) సన్నబియ్యం ఎన్నో ఇళ్లలో ఇష్టమైన అన్నం. అది అల్లాహ్ ఇచ్చిన మంచి ఉపాధి. దాన్ని తెల్లగా పాలిష్ పట్టించి, మూడు పూటలా అదే తిని, కూర్చున్నచోటు నుండి కదలకపోవడమే మన పొరపాటు.

తొందరపాటు వద్దు

బరువు పెరిగాక కలిగే ఆదుర్దా మరో ప్రమాదానికి దారితీస్తుంది. ఒకరు ఉన్నట్టుండి అన్నం పూర్తిగా మానేస్తారు. ఒకరు ఉప్పూ నూనే వదిలేస్తారు. ఇంకొకరు ఎవరో చెప్పారని పొడులు, మాత్రలు మింగుతారు. 2017-18 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ గారు ప్రచారం చేసిన ఆహార పద్ధతి గురించి తెలుగునాట ఇంటింటా మాట్లాడుకున్నారు. అన్నం మానడం, కొబ్బరినూనె, నిమ్మరసం అందులో ముఖ్యం. దానిపై వైద్యులలో పెద్ద చర్చే నడిచింది. ఏ పద్ధతి మొదలుపెట్టినా మనం వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే: పదేళ్ల తరువాత కూడా నేను ఇలాగే తినగలనా? తినలేనైతే, మానిన రోజు నుండే పోయిన బరువు తిరిగి రావడం మొదలవుతుంది.

ఆరాధనల విషయంలోనే ఇస్లాం ఈ సంగతి బోధించింది. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) పగలంతా ఉపవాసం, రాత్రంతా నమాజుతో గడపాలని పూనుకున్నారు. శరీరానికీ, కళ్లకూ, భార్యకూ నీపై హక్కు ఉందని దైవప్రవక్త (స) ఆయనకు నచ్చజెప్పి, నెలకు మూడు ఉపవాసాలు చాలన్నారు. ఆయన ఇంకా ఎక్కువ చేయగలనని పట్టుబట్టి రోజు విడిచి రోజు ఉపవాసానికి అనుమతి పొందారు. వృద్ధాప్యంలో అది భారమైనప్పుడు, ప్రవక్త (స) ఇచ్చిన సడలింపును స్వీకరించి ఉంటే ఎంత బాగుండేదోనని అనుకునేవారు (బుఖారీ). కొంచెమైనా నిరంతరం సాగే ఆచరణే అల్లాహ్‌కు ఎక్కువ ఇష్టమని హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖనం ద్వారా మనకు తెలుస్తోంది (బుఖారీ, ముస్లిం). ఆరాధనకే ఈ సూత్రం వర్తిస్తే, అన్నం పళ్లేనికి వర్తించదా?

ఒక చిన్న లెక్క చూడండి. ఒక కిలో కొవ్వు అంటే సుమారు 7,700 కేలరీలు. చక్కెర వేసిన రెండు టీలు, రెండు గారెలు మానుకుంటే రోజుకు దాదాపు 300 కేలరీలు తగ్గుతాయి. అలా సాగితే మొదట్లో నెలకు ఒక కిలో తగ్గవచ్చు. ఇరుగుపొరుగువారు గుర్తుపట్టకపోవచ్చు గానీ మోకాళ్లు గుర్తుపడతాయి.

పళ్లెంలో సమతూకం

తినండి, త్రాగండి, కాని మితిమీరకండని దివ్య ఖుర్ఆన్ ఆదేశిస్తోంది (7:31). ఇందులో తినడం ధర్మసమ్మతం, మితిమీరడం నిషిద్ధం. నడుము నిలబెట్టే కొన్ని ముద్దలు మనిషికి చాలనీ, అంతకు మించి తప్పనప్పుడు కడుపులో మూడోవంతు ఆహారానికీ, మూడోవంతు నీటికీ, మూడోవంతు ఊపిరికీ విడిచిపెట్టాలనీ దైవప్రవక్త (స) బోధించారు (తిర్మిజీ).

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలు కూడా మితం వైపే నడిపిస్తున్నాయి. రోజు మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం మించరాదనీ, కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు ఉండాలనీ ఆ సంస్థ సూచించింది. మన ఇంటి భాషలో చెప్పాలంటే పళ్లెంలో సగం ఆకుకూర, కూరగాయలు ఉండాలి. మిగతా సగంలో అన్నం కొంత, పప్పు, గుడ్డు, చేప లేదా కోడిమాంసం కొంత ఉండాలి. ఒక పూట అన్నానికి బదులు జొన్నరొట్టె, రాగిసంకటి తినవచ్చు. వలీమా దావతులో పలావు తిన్నంత మాత్రాన పాపం లేదు. ఒకసారి వడ్డించుకుని తృప్తిపడండి. ఆతిథ్యమిచ్చేవారు కూడా అతిథి చాలన్న తరువాత మరో గరిటె పళ్లెంలో బలవంతంగా వేయకండి.

సోదరీమణులకు ఒక ముఖ్యమైన మాట. పారేస్తే పాపమని పిల్లలు వదిలినదీ, గిన్నెలో మిగిలినదీ తల్లే తినడం మన ఇళ్లలో అలవాటు. వృథా చేయకపోవడం సున్నతే. కానీ అవసరం లేనిదాన్ని కడుపులో వేయడం కూడా దుబారాయే. కొలిచి వండండి. తక్కువ వడ్డించండి. మిగిలితే పక్కింటికి పంపండి.

రమజాను మాసంలో పగలు ఉపవాసముండి, రాత్రి సమోసాలు, హలీము, షర్బత్తులతో అంతకు రెండింతలు తిని పండుగనాటికి బరువు పెరిగేవారున్నారు. ఉపవాస ఉద్దేశం దైవభీతి. సహరీ మానకుండా, ఇఫ్తారును ఖర్జూరం, నీటితో విరమించి, తరువాత మితంగా భుజిస్తే తరావీహ్ నమాజులో శరీరం తేలికగా ఉంటుంది.

సంతోషంగా కదలండి

వ్యాయామమంటే శిక్ష అని అనుకోనక్కరలేదు. ఒక ప్రయాణంలో దైవప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగుపందెం పెట్టుకున్నారు. మొదటిసారి ఆమె గెలిచారు. కొంతకాలానికి ఆమె ఒళ్లు చేసిన తరువాత మళ్లీ పరుగెత్తితే ఆయన గెలిచారు. ఇది ఆనాటి ఓటమికి బదులని ఆమెతో అన్నారు (అబూదావూద్). ఆ మాటలో ఎగతాళి లేదు, చనువూ ప్రేమా ఉన్నాయి. బరువు పెరిగిన భార్యను నలుగురిలో ఎత్తిపొడిచే భర్తలు ఈ సంఘటనను మననం చేసుకోవాలి. ఒకరినొకరు ఎగతాళి చేయడాన్ని ఖుర్ఆన్ వారించింది (49:11). బరువు కొందరికి థైరాయిడ్ వల్ల, వాడే మందుల వల్ల, వంశపారంపర్యంగా కూడా వస్తుంది.

దైవప్రవక్త (స) ప్రతి శనివారం ఖుబా మసీదుకు నడిచిగానీ వాహనంపైగానీ వెళ్లేవారు (బుఖారీ, ముస్లిం). మసీదే నబవీ నుండి అది మూడు కిలోమీటర్లకు పైనే. ఇష్టమైన చోటికి నడక, అదీ క్రమం తప్పకుండా! వారానికి 150 నిమిషాలు, అంటే రోజుకు 30 నిమిషాల చొప్పున ఐదు రోజులు చురుకుగా నడవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఫజ్ర్ తరువాత కాలువ కట్ట మీద స్నేహితునితో నడవండి. నమాజుకు బండి తీయకుండా వెళ్లండి. అస్ర్ తరువాత పిల్లలతో బంతి ఆడండి. స్త్రీలు ఇద్దరు ముగ్గురు తోడుగా, పర్దా నియమాలతో నడవవచ్చు. అందుకు వారికి ఆ అరగంట దొరకాలి. ఆ సమయంలో పిల్లలను చూసుకోవడం భర్త బాధ్యత. ఇంటి పనులలో సహాయపడటం మన ప్రవక్త (స) సున్నతు.

ఈ చిన్న మార్పులకు ఎంత బలముందో చెన్నైలో మధుమేహం అంచున ఉన్నవారిపై జరిపి 2006లో ప్రచురించిన అధ్యయనం చూపింది. ఆహారం సరిచేసుకుని నడిచినవారిలో వ్యాధి ముప్పు నూటికి 28 వంతులు తగ్గింది. అయితే ఇప్పటికే మధుమేహానికి, రక్తపోటుకు మందులు వాడేవారు వైద్యుని అడగకుండా మాత్రలు మానవద్దు. చికిత్స పొందడం కూడా ప్రవక్త (స) ఆదేశమే.

సోదర సోదరీమణులారా! నేడే ఒక్క మార్పుకు నియ్యత్ చేయండి. ఒక గరిటె అన్నం తగ్గించండి, లేదా ఇషా తరువాత పది నిమిషాలు నడవండి. అది అలవాటయ్యాక రెండోది చేర్చండి. ఒకరోజు తప్పితే నిరాశపడక మరుసటి రోజు కొనసాగించండి. అల్లాహ్ ఆరాధనకు, తల్లిదండ్రుల సేవకు, పిల్లల పోషణకు శరీరం బలంగా ఉండాలన్న సంకల్పంతో వేసే ఆ అడుగులు కూడా పుణ్యకార్యాలే అవుతాయి.

ఓ అల్లాహ్! నీవు అప్పగించిన ఈ దేహమనే అమానతును కాపాడుకునే భాగ్యాన్ని మాకు ప్రసాదించు. చివరి శ్వాస వరకూ నీ ముందు నిలబడి, వంగి, నుదురు నేలకు ఆనించే శక్తిని మాకూ, మా తల్లిదండ్రులకూ, మా సంతానానికీ అనుగ్రహించు. ఆమీన్.