కుక్కపిల్ల నీళ్ల చిప్ప, రాహులుడి నీళ్ల పాత్ర

మా మంగంపేటలో ముగ్గురాయి గనుల దోవన టిప్పర్లు పగలూ రాత్రీ తిరుగుతుంటాయి. పోయిన ఎండాకాలం ఆ దోవ పక్కన దొరికిన ఒక కుక్కపిల్లను మావాడు చొక్కాలో చుట్టుకొని ఇంటికి తెచ్చినాడు. ఒళ్లంతా దుమ్ము కొట్టుకొని బూడిదలో పొర్లినట్టుంది. దాని తల్లి కోసం రెండు రోజులు చూసినాం, కనపడలేదు. మావాడికి ఎనిమిదేండ్లు, వాడి చెల్లెలికి ఐదు. "నాయనా, మనమే సాకుదాం. అన్నీ నేనే చూసుకుంటా" అన్నాడు. ఈ మాట మీ ఇంట్లో కూడా ఎప్పుడో ఒకప్పుడు వినే ఉంటారు. నేను సరేనన్నా. అన్నం, నీళ్లు నీ పని అని వాడికి చెప్పి, నా పని అయిపోయిందనుకున్నా.

పదో రోజు మిట్టమధ్యాహ్నం మీటింగు నుంచి ఇంటికొచ్చేసరికి కుక్కపిల్ల గోడ వార నాలుక బయటేసి పడి ఉంది. "నీళ్లు పోసినావా?" అంటే, "పోసినా నాయనా, అదే తాగేసింది" అన్నాడు. చిప్ప అడుగున దుమ్ము పేరుకొని ఉంది. పొద్దున నుంచి అందులో చుక్క పడలేదని చూస్తేనే తెలుస్తోంది. నా చెయ్యి లేచింది. వాడు కండ్లు మూసుకున్నాడు. ఆ ముఖం చూసి చెయ్యి దింపుకున్నా. కుక్కపిల్లను నీడకు చేర్చి, తడిగుడ్డతో ఒళ్లు తుడిచి, కొంచెం కొంచెంగా నీళ్లు తాగించినాం. సాయంత్రానికి తేరుకుంది.

ఆ రాత్రి నాకు రాహులుడు గుర్తొచ్చినాడు.

మజ్ఝిమ నికాయంలో అంబలట్ఠిక రాహులోవాద సుత్తం ఉంది. బుద్ధ భగవానుడు తన కొడుకు రాహులుడికి చేసిన బోధ అది. అప్పటికి రాహులుడు ఏడేండ్ల పసివాడని సంప్రదాయం చెబుతుంది. భగవానుడు వస్తే పిల్లవాడు కాళ్లకు నీళ్లు తెచ్చి పెట్టాడు. ఆయన కాళ్లు కడుక్కొని, పాత్రలో కొద్దిగా నీళ్లు మిగిల్చి చూపించాడు. తెలిసి తెలిసి అబద్ధమాడటానికి సిగ్గుపడని వాడిలో మంచితనం ఇంత కొంచెమే అన్నాడు. ఆ నీళ్లు పారబోసి చూపించాడు. పాత్రను బోర్లించి చూపించాడు. తిప్పి పెట్టి, ఖాళీగా ఉన్న పాత్రను చూపించాడు. తర్వాత అద్దం ఎందుకని అడిగాడు. చూసుకోవడానికి అన్నాడు రాహులుడు. అట్లాగే చేసే ముందు, చేస్తున్నప్పుడు, చేసిన తర్వాత ప్రతి పనినీ చూసుకోవాలి, దీనివల్ల నాకు గానీ ఇతరులకు గానీ దుఃఖం కలుగుతుందా అని అడుక్కోవాలి అన్నాడు. తప్పు జరిగి ఉంటే పెద్దల ముందు దాచకుండా చెప్పి, ఇకమీదట జాగ్రత్తపడాలన్నాడు. గమనించండి, ఆ బోధలో బెత్తం లేదు. కళ్లకు కనిపించే ఒక పాత్ర ఉంది, పిల్లవాడు తనంతట తాను వేసుకోవలసిన ఒక ప్రశ్న ఉంది.

మరుసటి రోజు ఆ ఎండిన చిప్పనే ముందు పెట్టుకొని మావాడికి ఈ కథ చెప్పినా. కొంచేపు పలకలేదు. తర్వాత, "గోలీలాడుకుంటా మర్చిపోయినా నాయనా. కొడతావని అబద్ధం చెప్పినా" అన్నాడు. వాడి అబద్ధంలో సగం నా చేతిదేనని అప్పుడు తెలిసింది. ఎనిమిదేండ్ల వాడి మీద ఒక ప్రాణాన్ని పూర్తిగా వదిలేసిన తప్పు కూడా నాదే. నేనూ వాడి ముందు ఒప్పుకున్నా.

అందుకే మీకు చెప్పేదేమంటే, బాధ్యతను బిడ్డల మీద పడేయకూడదు, వాళ్ల పక్కన నిలబడి నేర్పాలి. ఇప్పుడు మా ఇంట్లో ఐదేండ్ల బిడ్డ పొద్దున, సాయంత్రం చిప్ప కడుగుతుంది. మావాడు నీళ్లు పోసి, వేళకు అన్నం పెడతాడు. పెద్దవాళ్లం రోజూ ఒకసారి చూస్తాం. వాళ్లు మర్చిపోయినా ఆ ప్రాణం ఎండకూడదు కదా! చిన్న పిల్లకు రోజుకు మూడు నాలుగు సార్లు కొంచెం కొంచెంగా పెట్టాలి, కారం పెట్టకూడదు. రెండు నెలలు నిండక ముందే దాన్ని తల్లి దగ్గర నుంచి విడదీయకూడదు. పశువైద్యశాలలో చూపించి నులిపురుగుల మందు తాగించాలి, మూడు నెలలకు రేబిస్ టీకా వేయించాలి, ఏటా మళ్లీ వేయించాలి. ఏ కుక్క కరిచినా, గీరినా పుండును సబ్బుతో, పారే నీళ్లతో 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి పోవాలి. పసరు, సున్నం, కారం పెట్టొద్దు. తింటున్న కుక్కను, నిద్రపోతున్న కుక్కను కదిలించొద్దని బిడ్డలకు ముందే చెప్పండి.

శ్రావస్తి దగ్గర కొందరు పిల్లలు చేపలను హింసిస్తుంటే భగవానుడు చూశాడని ఉదానంలో ఉంది. ఆయన కసరలేదు. నొప్పి అంటే మీకు భయమా, అది మీకు ఇష్టం లేదా అని అడిగాడు. అవునన్నారు పిల్లలు. కుక్క తోకకు డబ్బా కట్టే పిల్లవాణ్ణి కూడా ఇదే అడగండి. పంచశీలలో మొదటి శీలం వాడికి అక్కడే అర్థమవుతుంది.

ఇంకొక్క మాట. "కుక్క బతుకు" అని మనల్ని తిట్టినవాళ్లున్నారు. మహద్‌లో పశువులు తాగే చెరువు నీళ్లు మన మనుషులకు అంటరానివైనాయి. 1927 మార్చి 20న బాబాసాహెబ్ ఆ నీళ్లు దోసిట పట్టి తాగినాడు. దాహం విలువ మనకు ఇంకొకరు చెప్పనక్కరలేదు. దాహం తెలిసినవాళ్ల వాకిట్లో ఏ ప్రాణీ దప్పితో పడి ఉండకూడదు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో ఆయన చేయించిన 22 ప్రతిజ్ఞల్లో ప్రాణుల పట్ల కరుణ కూడా ఉంది. ఇది మన సీమకు కొత్త మాటా కాదు. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడు మనుషులకే కాక పశువులకూ వైద్యం ఏర్పాటు చేసినట్టు చెక్కించి ఉంది. వీలైతే బిడ్డలను అక్కడికి తీసుకుపోయి చూపించండి.

మా కుక్కపిల్ల ఇప్పుడు వాకిలి కాస్తోంది. చిప్ప అప్పుడప్పుడూ ఖాళీ అవుతూనే ఉంటుంది. అయితే, "నాయనా, ఈరోజు మర్చిపోయినా" అని మావాడే వచ్చి చెబుతున్నాడు. ఆ మాట చెప్పిన బిడ్డను కొట్టకండి. లేచి, వాడితో పాటు బిందె దగ్గరికి నడవండి.

సకల ప్రాణులూ సుఖంగా ఉండాలి. నమో బుద్ధాయ. జై భీమ్.