దారం చేతిలో, కథ చెవిలో

బిడ్డా,

ఈసారి క్రిస్మస్‌కు క్రాస్ స్టిచ్‌లో పశువుల పాక బొమ్మ కుట్టి గోడకు పెడతానన్నావు. పిల్లలకు రోజూ రాత్రి ఏదో ఒకటి చదివి వినిపించాలనీ ఉందన్నావు. రెండూ మంచి కోరికలే. కానీ వేటికవి వేరుగా పెట్టుకుంటే డిసెంబరులో ఒకదాన్ని ఇంకోటి మింగేస్తుంది. కలిపి పెట్టుకో. అది చెప్పడానికే ఇంత రాస్తున్నా.

ముందు లెక్క చూద్దాం. నువ్వు తెచ్చుకున్న మ్యాటీ గుడ్డ 14 కౌంటుది, అంటే అంగుళానికి 14 గళ్ళు. నువ్వు పంపిన బొమ్మ వెడల్పు అయిదంగుళాలు, ఎత్తు ఏడంగుళాలు. అడ్డం 70, నిలువు 98, మొత్తం 6,860 గళ్ళు. కొత్త చేతికి గంటకు వంద కుట్లు పడితే గొప్ప. సందకాడ వంట, పిల్లల హోంవర్కు, చర్చివాళ్ళతో క్యారల్స్‌కు తిరగడం, పండుగ పిండివంటలు, ఇవన్నీ నీకు తప్పవు. ఆ బొమ్మ ఈ ఏటికి కాదు. దాన్ని దాచుకో, వచ్చే ఏడు ఉగాది దాటగానే మొదలుపెట్టు.

ఇప్పటికి మూడంగుళాల నక్షత్రం పెట్టుకో. అడ్డం 42, నిలువు 42 గళ్ళు తీసుకుంటే మొత్తం 1,764. చుట్టూ మూలలు ఖాళీ వదిలేస్తావు కనుక కుట్టేది అందులో సగానికి కాస్త అటూ ఇటూ. ఎరుపు, పసుపు, రెండు రంగులు చాలు. డిజైన్ కోసం మంచు, దేవదారు చెట్లు ఉన్న చార్టులు వెతకకు. మీ హనుమకొండ సుబేదారి గల్లీల్లో డిసెంబరు నడుమ నుంచి ధనుర్మాసం ముగ్గులు పడతాయి. పక్కింటి ఆంటీని ముగ్గుల పుస్తకం అడుగు, సంతోషంగా ఇస్తుంది. చుక్కకో గడి చొప్పున గళ్ళ కాగితం మీద దించుకుంటే చుక్కల ముగ్గు కూడా క్రాస్ స్టిచ్ చార్టే. కొత్తవాడలో నేసే దర్రీలను చూసినా బాగుంటుంది. 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిన ఆ వరంగల్ దర్రీల మీది కోణాలు, డైమండ్లు గళ్ళలో చక్కగా ఇముడుతాయి. మన ఊరి పండుగ బొమ్మలో మన ఊరు కనబడాలని నా ఆశ.

కుట్టే పద్ధతి నీకు సగం తెలుసు, మిగతా సగం విను. లచ్చిలో దారం ఎనిమిది మీటర్లు, ఆరు పోగులు ఉంటుంది. 14 కౌంటుకు రెండు పోగులు చాలు. దారం మూరెడే తెంపు, పొడుగైతే పీచు లేస్తుంది. ముడి వెయ్యకు, కొసను వెనక పట్టుకుని మొదటి నాలుగైదు కుట్ల కింద నొక్కెయ్. గుడ్డను నాలుగు మడతలు పెడితే మధ్య దొరుకుతుంది, అక్కడినుంచే మొదలు. చుట్టూ మూడేసి అంగుళాలు వదిలి కత్తిరించు, లేకపోతే ఫ్రేము కట్టేవాడికి పట్టు దొరకదు. సూది మొన మొద్దుగా ఉండాలి. అన్ని కుట్లలోనూ పై గీత ఒకే వైపు వాలాలి. ఇది ఒక్కటి తప్పినా దూరం నుంచి చూస్తే మెరుపు చెదిరిపోతుంది. ఎరుపు దారాన్ని ముందుగా తడిపి తెల్లగుడ్డ మీద అద్ది చూడు, రంగు దిగుతుందేమో తెలుస్తుంది.

ఇగ అసలు సంగతి. ఈ కుట్టులో రెండు రకాల పని ఉంది. అంచు గీత లెక్కపెట్టి కుట్టేటప్పుడు మనసంతా దానిమీదే ఉండాలి, పక్కన ఎవరు మాట్లాడినా లెక్క తప్పుతుంది. అంచు పడ్డాక లోపల నింపడానికి చెయ్యి ఒక్కటే చాలు, చెవులు ఖాళీ. అందుకని అంచు పని పిల్లలు బడికి పోయినంక, పగటి వెలుతురులో చేసుకో. నింపే పని రాత్రి భోజనాలయ్యాక చెయ్యి. అప్పుడు నువ్వు చదవొద్దు, వినాలి. చదివేది వాళ్ళు.

మనింటి పిల్లలు ఇంగ్లీషు గడగడా చదువుతారు, తెలుగు దగ్గర అక్షరం అక్షరం కూడబలుక్కుంటారు. నాకున్న బెంగ అదే. ఈ ఒక్క నెలైనా ఇంట్లో తెలుగు బిగ్గరగా వినబడనీ. లూకా సువార్తలో 24 అధ్యాయాలు, డిసెంబరు ఒకటి నుంచి 24 వరకు రోజుకొకటి చదివే అలవాటు చాలా ఇళ్ళలో ఉంది. అయితే మొదటి అధ్యాయమే 80 వచనాలు, అది వినేసరికి చిన్నోడు నిద్రపోతాడు. నవంబరు చివరి రోజునే మొదలుపెట్టి దాన్ని రెండు ముక్కలు చెయ్. పెద్దది చదువుతుంటే తప్పు దొర్లిన ప్రతిచోటా దిద్దకు. అర్థం మారినప్పుడు మాత్రమే ఆపు. విశాఖపట్నంలో అగస్టస్ డె గ్రాంజ్ తెలుగు చేసిన సువార్తలు 1812లో సేరంపూర్‌లో అచ్చయ్యాయి, లూకా వాటిలో ఒకటి. రెండు వందల ఏళ్ళకు పైగా తెలుగు నోళ్ళలో నానుతున్న కథ అది. మన పిల్లల నోట ఆగిపోకూడదు.

వారానికొక రాత్రి, లూకా అధ్యాయం అయ్యాక, మీ అత్తమ్మకు ఇవ్వు. ఆమె గొంతులో పద్యం నిలుస్తుంది. జాషువా ‘క్రీస్తు చరిత్ర’ తెప్పించు. 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి పొందిన కావ్యం. వినుకొండలో పుట్టి, అంటరానితనాన్ని ఒంటిమీద భరించిన కవి, పశువుల పాకలో పుట్టినవాడి కథ చెబితే అది వేరే తీరుగా ఉంటుంది. పద్యం పిల్లలకు మొత్తం అర్థం కాకపోయినా ఫరవాలేదు, నడక చెవిలో పడాలి. కొనడానికి దొరక్కపోతే హనుమకొండలో 1904 నుంచి ఉన్న రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషానిలయంలో అడిగి చూడు. పిల్లలను వెంట తీసుకుపో, ఆ మెట్లెక్కడం కూడా చదువే.

చివరి అయిదు రాత్రులు లూకా అయ్యాక మిగిలే సమయం డికెన్స్ ‘క్రిస్మస్ కారల్’కు ఉంచు. 1843 డిసెంబరు 19న వచ్చిన ఆ చిన్న పుస్తకం సరిగ్గా అయిదు భాగాలు, 20 నుంచి 24 దాకా సరిపోతుంది. డికెన్స్ స్వయంగా సభల్లో దాన్ని చదివి వినిపించేవాడు. అల్లుడు రోజూ ఒక భాగం ముందే చదువుకుని తన తెలుగులో చెబితే చాలు. పిసినారి స్క్రూజ్ కథ చిన్నోడికి బాగా ఎక్కుతుంది. చెప్పులు కుట్టే మార్టిన్ గురించి టాల్‌స్టాయ్ 1885లో రాసిన కథ మధ్యలో ఒక రాత్రికి. నేలమాళిగ కిటికీలోంచి దారినపోయేవాళ్ళ కాళ్ళు మాత్రమే చూసే ముసలాయన కథ అది, నాకు వీటన్నిటిలోకీ ఇష్టమైనది. ఆండర్సన్ అగ్గిపుల్లల పాప కథ మాత్రం ఈ ఏడు వద్దు, చిన్నోడు రాత్రంతా ఏడుస్తాడు.

ఐస్‌లాండ్‌లో క్రిస్మస్ ముందురోజు రాత్రి ఒకరికొకరు పుస్తకాలు ఇచ్చుకుంటారు. నువ్వూ పిల్లలకు కొత్త బట్టలతో పాటు చెరొక తెలుగు పుస్తకం పెట్టు. జర బొమ్మలు ఎక్కువున్నది చూడు.

24 నాటికి నక్షత్రం పూర్తికాకపోతే రాత్రంతా మేలుకుని కళ్ళు పోగొట్టుకోకు. నక్షత్రాన్ని చూసి వచ్చింది జ్ఞానులు, వాళ్ళ పండుగ జనవరి 6. అజరయ్య బిషప్పు కట్టించిన డోర్నకల్ ఎపిఫనీ కెథడ్రల్‌ను 1939లో ప్రతిష్ఠించింది కూడా ఆ రోజే. అప్పటిదాకా తీరిగ్గా కుట్టుకో. ఆ రాత్రి మత్తయి రెండో అధ్యాయం చిన్నోడితో చదివించు, పెద్దది పక్కన కూర్చుని మాట అందిస్తుంది. దారం కొనేటప్పుడు ఎరుపు ఒక లచ్చి ఎక్కువే తీసుకో. తర్వాత వెళ్తే అదే నంబరులోనూ రంగు కాస్త తేడా రావచ్చు.

మీ పెద్దమ్మ